రైతు బజారులో నాటకం: మెట్లు లేని రంగస్థలం

విజయవాడలో మా ఇంటికి దగ్గరలో ఉన్న రైతు బజారులో నెలకొక ఆదివారం ఉదయం నాటకం ఆడుతున్నారు. ఆకుకూరల వరుస చివర వేపచెట్టు కింద కొంత మేర నేల ఊడ్చి, నీళ్ళు చల్లి, ముగ్గుపిండితో గుండ్రంగా ఒక గీత గీస్తారు. గీతకు లోపల నాటకం, బయట బజారు. ఆడేవారు పదకొండు మంది. వారిలో పుట్టుకతోనే చూపు లేని డప్పు కళాకారుడు, వినికిడి లేని ఇద్దరు యువతులు, వీల్‌చైర్‌లో తిరిగే ఒక దర్జీ, డౌన్ సిండ్రోమ్ ఉన్న ఇరవై ఏళ్ళ అబ్బాయి, ఒక ట్రాన్స్‌జెండర్ మహిళ, ఒక పారిశుద్ధ్య కార్మికురాలు, రిటైరైన తెలుగు మాస్టారు ఉన్నారు. మిగిలిన ముగ్గురూ ఆ చుట్టుపక్కల వీధుల్లో ఉండే గృహిణులు. బృందానికి పేరంటూ ఏదీ లేదు. జనం ‘బజారు నాటకం వాళ్ళు’ అంటారు, వారికీ ఆ పేరే చాలు. గడిచిన కొన్ని నెలల్లో వీరి నాటకాన్ని మూడుసార్లు చూశాను: రెండుసార్లు ఈ బజారులో, ఒకసారి పక్క ఊరి బస్టాండులో. బజారులో చూసిన నాటకం ఎందుకు అంత బాగుందో, అదే నాటకం బస్టాండులో ఎందుకు నిలబడలేదో వివరంగా రాయాలనిపించింది.

నేను మొదటిసారి వెళ్ళింది మా అమ్మ కోసం. అమ్మకు డెబ్బై ఆరేళ్ళు. ఒకప్పుడు పద్యనాటకమంటే తెల్లవారేదాకా కదలకుండా కూర్చునే మనిషి. నటుడు రాగం తీస్తుంటే పద్యం చివరి పాదం ఆమె నోట ముందే వచ్చేది. మోకాళ్ళు పూర్తిగా పోయి, నీటికాసులతో చూపు మసకబారిన తరువాత తొమ్మిదేళ్ళుగా ఏ నాటకానికీ వెళ్ళలేదు. చాలా హాళ్ళకు ముందు మెట్లుంటాయి, లోపలికి వెళ్ళాక వరుసల మధ్య మళ్ళీ మెట్లుంటాయి. ఇద్దరం కలిసి ఎత్తి తీసుకువెళ్ళగలం గాని, ‘నలుగురిలో నన్ను మూట మోసినట్టు మోయొద్దురా’ అని ఆమె ఒకసారి అన్న మాట తరువాత మేమెవ్వరం అడగలేదు. రైతు బజారుకు మాత్రం ఆమె వారం వారం వస్తుంది. కూరగాయల తోపుడు బండ్లు, గోనెసంచుల రిక్షాలు తిరగాలి కనుక బజారులో నేలంతా చదునుగా ఉంటుంది. బండి వెళ్ళే ప్రతి చోటికీ వీల్‌చైర్ వెళుతుంది. వికలాంగుల కోసమని ఎవరూ ప్రత్యేకంగా కట్టని ఈ చదును నేలను బృందం గుర్తించి ఎంచుకోవడమే నా దృష్టిలో వారు చేసిన మొదటి గొప్ప పని.

నాటకం నిడివి నలభై నిమిషాలు. కథ చిన్నది: నెల మొదట్లో ఒక రేషన్ దుకాణం ముందు క్యూ. ఆకుకూరలు అమ్మే ముసలమ్మ బొటనవేలు అరిగిపోయి యంత్రంలో వేలిముద్ర పడదు. వినికిడి లేని యువతికి తన నంబరు పిలిచిన సంగతి తెలియదు. చూపు లేని వ్యక్తిని ‘బోర్డు మీద రాసుంది, చూసుకో’ అంటారు. వీల్‌చైర్‌లో ఉన్న దర్జీ, రేషన్ దుకాణం మూడు మెట్ల కింద ఆగిపోయి, పైకి కేకలు వేయవలసి వస్తుంది. 2013 నాటి ఆహార భద్రతా చట్టం ప్రకారం మనిషికి నెలకు ఐదు కిలోల ధాన్యం వీరందరికీ హక్కుగా రావాలి. బియ్యం దుకాణం లోపలే ఉన్నాయి, కార్డు చేతిలోనే ఉంది, మధ్యలో ఒక వేలిముద్ర, ఒక పిలుపు, ఒక బోర్డు, మూడు మెట్లు అడ్డుపడుతున్నాయి. డీలర్‌ను దుర్మార్గుడిగా చూపించకపోవడం నాకు నచ్చింది. రిటైరైన మాస్టారు ఆ పాత్రను ఎంతో ఓపికతో పోషించారు. తూకం తగ్గితే పైవారికి సంజాయిషీ చెప్పుకోవాలి, సిగ్నల్ పోతే క్యూలో ఉన్నవారితో మాటలు పడాలి, ఆ రెండింటి మధ్య నలిగిపోయి చిరాకుపడే మామూలు మనిషి ఆయన.

ఈ కథను ఎవరు ఎలా చూడగలరన్న విషయంలో బృందం పెట్టిన శ్రద్ధ నేను మరెక్కడా చూడలేదు. ప్రతి పాత్రకూ ఒక చప్పుడు ఉంది. ముసలమ్మ కాళ్ళకు కడియాలు, డీలర్ నడుముకు తాళంచెవుల గుత్తి, దర్జీ వీల్‌చైర్ చువ్వలకు దారంతో కట్టిన చిరుగజ్జెలు, క్యూను సర్దే గృహిణి చేతినిండా గాజులు. ఎవరు ఎటు నడిచారో, ఎవరు ఎవరికి దగ్గరగా వచ్చారో కళ్ళు మూసుకున్నా తెలుస్తుంది. ఇంటికి వచ్చాక అమ్మ అన్నది: ‘ఆ గుత్తి మోగినప్పుడల్లా మళ్ళీ ఏం తిడతాడోనని గుండె దడదడలాడింది.’ సగం చూపుతో ఆమె మొత్తం నాటకం చూసింది. అలాగే వినికిడి లేని యువతులిద్దరూ పక్కన నిలబడి ఇతరుల మాటలను సైగల్లోకి మార్చే పని చేయరు. వారు క్యూలో ఉన్న పాత్రలు. ముందు ఏం జరుగుతోందో ఒకరికొకరు చెప్పుకొంటూ, విసుక్కొంటూ, డీలర్‌ను అనుకరిస్తూ ఉంటారు; ఆ సంభాషణంతా సైగల భాషలో సాగుతుంది కనుక జనంలో ఉన్న వినికిడి లేనివారికి కథ మొత్తం అందుతుంది. బుర్రకథలో వంతలిద్దరూ కథకుణ్ణి ప్రశ్నిస్తూ, వ్యాఖ్యానిస్తూ కథను నడిపించినట్టు ఈ ఇద్దరూ నాటకాన్ని తమ చేతుల మీదుగా నడిపించారు.

ఇక డప్పు సంగతి. నేను మొదట చూసిన రోజు తెల్లవారుజామున వాన పడింది. చర్మం మెత్తబడి డప్పు పలకడం లేదు. టీ కొట్టు వెనక అట్టపెట్టెలు చింపి చిన్న మంట వేశారు. చూపు లేని ఆ కళాకారుడు డప్పును సెగకు ఎదురుగా పట్టుకుని, అరచేతితో అంచు వెంబడి మెల్లగా నిమురుతూ, మధ్య మధ్య చెవికి ఆనించి సిటికెన పుల్లతో ఒక్క దెబ్బ కొట్టి వింటున్నాడు. ఒక చోట వేడి తగిలింది, ఇంకొక చోట తగల్లేదు. తడి ఎక్కడ మిగిలిందో ఆయన వేళ్ళకు తెలుసు. దాదాపు పది నిమిషాల తరువాత సిర్ర అనే కుడిచేతి కర్రతో ఒక్కటి గట్టిగా వేశాడు. టమాటాల వరుసలో బేరమాడుతున్నవాళ్ళు కూడా తలతిప్పారు. నాటకం మొదలైందని వేరే ప్రకటన అక్కరలేకపోయింది. ఆడుతున్నంతసేపూ వినికిడి లేని యువతులు ఆయన కుడి భుజం కదలికను చూసి అడుగు వేశారు, ఆయన వారి కాలి గజ్జెలు విని దరువు మార్చాడు. ఒకరికి లేనిది ఇంకొకరి దగ్గర ఉంటే రెండూ కలిసి లయ కుదిరే ఆ క్షణాల కోసమే నేను రెండోసారి వెళ్ళాను.

ఆ మొదటి రోజే జరిగిన మరొక సంగతి చెప్పాలి. ఒక సన్నివేశంలో వినికిడి లేని యువతి క్యూ వదిలి, గీత దాటి, నిజంగా గోంగూర అమ్ముతున్న ఒక పెద్దావిడ దగ్గరకు వెళ్ళి ధర అడుగుతుంది. మాట లేదు, చేయి మాత్రమే. ఆ పెద్దావిడ ఒక్క క్షణం తటపటాయించి, తరువాత రెండు వేళ్ళు చూపించి, కట్టను పైకెత్తింది. యువతి తల అడ్డంగా ఊపి ఒక వేలు మడిచింది. పెద్దావిడ నవ్వి, కొంగు కింద చేయి పెట్టి ఆమె వేళ్ళు పట్టుకుంది. పశువుల సంతలో తువ్వాలు కింద వేళ్ళు పట్టుకుని బేరం తెంచుకునే పద్ధతి కృష్ణా జిల్లా పల్లెల్లో పుట్టిన ఎవరికైనా తెలిసిందే. చుట్టూ ఉన్న రైతులంతా ఒక్కసారిగా చప్పట్లు కొట్టారు. ఇది ముందుగా అనుకున్నది కాదని బృందంవారు తరువాత చెప్పారు. సైగల భాష వేరే లోకపు భాష అనుకునేవారి ముందు, బజారుకు తనదైన వేళ్ళ భాష ఎప్పటినుంచో ఉందని ఆ పెద్దావిడ చూపించింది. మూసిన హాలులో ఇది జరగడానికి అవకాశమే లేదు.

కథ ఒకసారి పూర్తయ్యాక, ఎవరికీ బియ్యం అందకుండానే దుకాణం మూసేస్తారు. అప్పుడు సూత్రధారిగా ఉన్న పారిశుద్ధ్య కార్మికురాలు గీత మధ్యలోకి వచ్చి, ‘మళ్ళీ మొదటినుంచి ఆడతాం. ఎక్కడ తప్పు జరుగుతోందనిపిస్తే అక్కడ ఆపండి. వచ్చి మీరే ఆడి చూపించండి’ అంటుంది. ఈ పద్ధతికి ఫోరం థియేటర్ అని పేరు. బ్రెజిల్ నాటకకర్త అగస్తో బోల్ 1970లలో లాటిన్ అమెరికాలో దీనికి రూపమిచ్చాడు. మన దేశంలో పశ్చిమ బెంగాల్‌కు చెందిన జన సంస్కృతి బృందం 1985 నుంచి పల్లెల్లో పనిచేస్తూ దీన్ని వేళ్ళూనేలా చేసింది. అమ్మకు ఇదేమీ కొత్తగా అనిపించలేదు. పద్యనాటకంలో ‘వన్స్ మోర్’ అని అరిచి, చనిపోయి పడి ఉన్న పాత్రను కూడా లేపి పద్యం మళ్ళీ పాడించుకున్న ప్రేక్షకులు మనవాళ్ళు. నాటకాన్ని మధ్యలో ఆపే హక్కు తనకుందని తెలుగు ప్రేక్షకుడు ఎన్నడో తీర్మానించుకున్నాడు; ఇక్కడ ఆపిన మనిషి లోపలికి రావాలి, అదొక్కటే తేడా.

మొదట ఎవరూ కదలలేదు. తరువాత బస్తాలు మోసే ఒక హమాలీ తలపాగా తీసి భుజాన వేసుకుని లోపలికి వచ్చాడు. ‘మెట్ల మీద కాటా ఎందుకయ్యా, కిందికి దించు’ అన్నాడు. డీలర్ పాత్రలో ఉన్న మాస్టారు, ‘కాటా దిగుతుంది, యంత్రం దిగదు కదా బాబూ, కరెంటు లోపలుంది’ అని అడ్డుచెప్పారు. జనంలోంచి స్కూలు యూనిఫాంలో ఉన్న ఒక అమ్మాయి, ‘దానికి బ్యాటరీ ఉంటుందండీ, మా నాన్న దుకాణంలో చూశాను’ అన్నది. మూడు మెట్ల సమస్య ఆ ఒక్క మాటతో తీరిపోయింది. దర్జీ ముందుకు వచ్చాడు, చిరుగజ్జెలు మోగాయి. ముసలమ్మ వేలిముద్ర దగ్గర ఒక యువకుడు, ‘వేలు పడకపోతే కనుపాప తీసుకోవచ్చు’ అన్నాడు. అప్పుడు చూపు లేని డప్పు కళాకారుడు వాయిద్యం కింద పెట్టి, ముందుకు వచ్చి, తన నల్ల కళ్ళద్దాలు తీసి యంత్రం ముందు ముఖం పెట్టాడు. గుంటలు పడిన ఆ కళ్ళను చూసి బజారు ఒక్కసారిగా మౌనమైపోయింది. ఆయన ఏమీ అనలేదు. కొంతసేపటికి ఒక గృహిణి, ‘మా ఇంట్లో పెద్దాయనకు ఫోనుకు ఓటీపీ పంపిస్తారు’ అన్నది, అక్కడినుంచి వాదన మరో దారి పట్టింది. ఒక పరిష్కారం కొందరికి తలుపు తెరిచి ఇంకొకరికి ఎలా మూస్తుందో ఉపన్యాసంతో చెప్పాలంటే గంట పడుతుంది. ఇక్కడ ఒక మనిషి కళ్ళద్దాలు తీసేటప్పటికి అందరికీ అర్థమైంది.

డౌన్ సిండ్రోమ్ ఉన్న అబ్బాయి పాత్ర క్యూలో వాళ్ళను లెక్కపెట్టడం. రెండోసారి చూసిన రోజు అతడు లోపలి క్యూను వదిలేసి, గీత చుట్టూ తిరుగుతూ చూస్తున్న జనాన్ని ఒక్కొక్కరి భుజం తట్టి లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. బృందంలో ఎవరూ అతణ్ణి వెనక్కి పిలవలేదు, చేయి పట్టి లాగలేదు. డప్పు నెమ్మదించి అతడి లెక్కకు తాళమైంది. అరవై దాటేసరికి బజారంతా అతడితో కలిసి పైకి లెక్కపెడుతోంది. అతడు అలసిపోయి తన చోటికి వచ్చి కూర్చున్నాక కథ ఆగినచోటినుంచి సాగింది. కలుపుకొనిపోవడమంటే ఏమిటో మాటల్లో చెప్పమంటే నేను ఈ దృశ్యాన్నే చెబుతాను: అతడి వేగానికి నాటకం మారింది, నాటకం వేగానికి అతణ్ణి మార్చలేదు.

ఇక లోపాలు. బస్టాండు ప్రదర్శన, ఉన్నది ఉన్నట్టు చెప్పాలంటే, విఫలమైంది. అక్కడి ప్లాట్‌ఫారాల మధ్య ఖాళీలో గీత గీశారు. బస్సుల రాకపోకల ప్రకటనలు, హారన్ల మోత తట్టుకోలేక మైకు తెచ్చారు. మైకులో మాట పెరిగిన కొద్దీ కడియాలు, గుత్తి, చిరుగజ్జెలు వినిపించకుండా పోయాయి. చూపు లేనివారి కోసం అంత శ్రమపడి అల్లిన చప్పుళ్ళన్నీ ఆ మైకుతో వృథా అయ్యాయి. జనం కూర్చోవడానికి చోటు లేక నిలబడ్డారు. ముందు వరుస నిలబడితే వెనక వీల్‌చైర్‌లో ఉన్నవారికి నడుములు తప్ప ఏమీ కనబడవు, సైగలు అసలే కనబడవు. ప్రయాణికుడి మనసు రాబోయే బస్సు మీద ఉంటుంది కనుక ఆపి, లోపలికి వచ్చి ఆడే ఓపిక ఎవరికీ లేదు. రెండోసారి ఆట పది నిమిషాల్లో ముగిసింది. నటులు వాడుకోదగిన మరుగుదొడ్డి కూడా అక్కడ లేదు. దర్జీ ఉదయం నుంచి నీళ్ళు తాగకుండా ఉన్నాడని నాకు తరువాత తెలిసి చాలా బాధ కలిగింది. జనం ఎక్కువగా ఉన్న ప్రతి చోటూ నాటకానికి పనికొచ్చే చోటు కాదు. నిలిచి మాట్లాడుకునే అలవాటు ఆ చోటికి ముందే ఉండాలి. బజారుకు ఆ అలవాటు ఉంది, బస్టాండుకు లేదు. బృందం బస్టాండులో ఆడాలనుకుంటే బస్సు ఎక్కడం గురించే పదిహేను నిమిషాల కొత్త కథ అల్లుకోవాలి గాని, రేషన్ దుకాణాన్ని అక్కడికి మోసుకురాకూడదు.

బజారు ప్రదర్శనలోనూ నాకు రెండు అభ్యంతరాలు ఉన్నాయి. ట్రాన్స్‌జెండర్ మహిళకు ఇచ్చిన పాత్ర మరీ చిన్నది. క్యూలో ఆడవారి వరుసలో నిలబడాలా, మగవారి వరుసలో నిలబడాలా అని డీలర్ అడిగినప్పుడు ఆమె ఒక్క వాక్యం చెప్పి వెనక్కి జరుగుతుంది. ఆ ప్రశ్న ఆ నాటకంలోని అన్ని ప్రశ్నలకన్నా లోతైనది. కార్డు మీద పేరు ఒకటి, మనిషి పేరు ఇంకొకటి అయినప్పుడు ఏమవుతుందో జనాన్ని ఆడమంటే ఎంతో విషయం బయటికి వచ్చేది. ఆమె గొంతు బాగుంది, నిలబడే తీరు బాగుంది, ఆమెకు ఒక పూర్తి సన్నివేశం ఇవ్వాలి. రెండోది చివరి పాట. నలభై నిమిషాలు జనం తమంతట తాము ఆలోచించి చెప్పిన మాటలన్నింటినీ ఆ పాట మళ్ళీ నీతులుగా అప్పజెబుతుంది. హమాలీ, స్కూలు అమ్మాయి చెప్పాక ఇంకెవరూ చెప్పనవసరం లేదు. డప్పుతో ముగిస్తే చాలు.

వీధిలో నాటకం మన నేలకు పాతదే. 1943లో ఏర్పడిన ప్రజానాట్యమండలి బుర్రకథను, వీధి భాగవతాన్ని, జానపద బాణీలను తీసుకుని ఊరూరా తిరిగింది. షేక్ నాజర్ బుర్రకథకు వేలమంది కూర్చునేవారని పెద్దవాళ్ళు ఇప్పటికీ చెప్పుకొంటారు. ఢిల్లీకి చెందిన వీధి నాటక బృందం జన నాట్య మంచ్ కళాకారుడు సఫ్దర్ హష్మీ 1989 జనవరి 1న ఢిల్లీ పక్కనున్న సాహిబాబాద్‌లో కార్మికుల మధ్య ఆడుతుండగా దాడికి గురై మరుసటి రోజు మరణించినా, జనవరి 4న ఆయన సహచరులు అదే చోటికి తిరిగివచ్చి ఆగిన నాటకాన్ని పూర్తి చేశారు. అంత బలమైన వారసత్వంలోనూ చూపు లేనివారు, వినికిడి లేనివారు ఆడేవారిగా గాని, చూసేవారిగా గాని లెక్కలోకి వచ్చింది తక్కువ. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో 2.68 కోట్ల మంది వికలాంగులు ఉన్నారు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 29వ సెక్షన్ సాంస్కృతిక జీవితంలో పాల్గొనడాన్ని వారి హక్కుగా చెప్పింది. హాలు కట్టేటప్పుడు ర్యాంపు వేయడం ఆ హక్కులో ఒక భాగం. వేదిక మీదికి కూడా ర్యాంపు ఉండాలన్న ఆలోచన, అంటే వికలాంగుడు నటుడిగా కూడా రావచ్చన్న ఆలోచన, చాలాచోట్ల ఇంకా మొదలే కాలేదు. గీత గీసిన నేలకు ఆ ఇబ్బంది లేదు.

ఖర్చు విషయం. చూడటానికి డబ్బు అడగరు. చివర్లో ముసలమ్మ పాత్రధారి కొంగు పట్టి గీత చుట్టూ ఒకసారి తిరుగుతుంది. వచ్చినదాన్ని పదకొండు భాగాలు చేస్తారు, డప్పు కళాకారుడికీ లెక్కపెట్టే అబ్బాయికీ ఒకే వాటా. నేను చూసిన రెండు ఆదివారాల్లోనూ మనిషికి రెండు వందలు కూడా రాలేదు, అందులోనే ఆటో కిరాయిలు. రైతులు మాత్రం డబ్బుకు బదులు కూరగాయలు వేస్తారు. గోంగూర పెద్దావిడ నాలుగు కట్టలు కొంగులో పెట్టి, వినికిడి లేని యువతి వైపు చూసి మళ్ళీ రెండు వేళ్ళు చూపించింది. మీరు వెళితే పది రూపాయల నోటుతో సరిపెట్టవద్దని నా విన్నపం. ఒక సినిమా టికెట్ మీద పెట్టేది ఇక్కడ పెట్టండి.

ఆట ఏడున్నరకు మొదలవుతుంది, ఎండ ఎక్కకముందే ముగుస్తుంది. ఏడింటికే వెళితే డప్పు కాచడం కూడా చూడవచ్చు. వీల్‌చైర్‌తో వచ్చేవారు ఉల్లిపాయల షెడ్డు వైపు గేటు నుంచి రండి. ముందు గేటు దగ్గర పశువులు రాకుండా పాతిన ఇనుప గొట్టాల మధ్య చక్రాలు పట్టవు. వెంట ఒక పాత దుప్పటి తెచ్చుకుని, గీతకు దగ్గరగా నేల మీద కూర్చోండి. కూర్చోగలిగినవారు ఎవరూ నిలబడవద్దు, వెనకనుంచి మా అమ్మ చూస్తూ ఉంటుంది.